కారుచౌక బాబాయి

మా బాబాయి తన జన్మలో కొత్త కెమెరా కొనలేదు. కొనలేక కాదు, కొత్తదంటే ఆయనకు అపనమ్మకం. ఇంతవరకు ఎవరూ వాడని వస్తువు పనిచేస్తుందని ఎవరు చెప్పొచ్చారనేవాడు. అదే ఒకరి మెడలో ఏళ్ళ తరబడి ఊగి, మెట్ల మీంచి దొర్లి, వానలో నానిన కెమెరా అయితే, దాని గుణగణాలన్నీ ఈపాటికి బయటపడే ఉంటాయి. దారిలో పాత కెమెరా కనిపిస్తే చాలు, ఆయన కాళ్ళు చెప్పాపెట్టకుండా ఆగిపోయేవి. వెనక నడిచేవాళ్ళం వెళ్ళి ఆయన వీపుకు కొట్టుకునేవాళ్ళం.

కొనేముందు పరీక్ష ఉండేది. మొదట కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల ఏదైనా గలగలమంటే ముఖం వెలిగిపోయేది, బేరానికి పట్టు దొరికింది కదా. తరవాత లెన్సు వాసన చూసేవాడు. బూజు సంగతి కంటికంటే ముక్కుకే ముందు తెలుస్తుందట. చివరికి అమ్మేవాడి ముఖానికే గురిపెట్టి మీట నొక్కేవాడు. టక్కుమంటే "ప్రాణం ఉంది" అనేవాడు. టక్కుమనకపోతే "నిద్రపోతోంది" అనేవాడు. కొనడం మాత్రం ఎలాగైనా కొనేవాడు. ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే గుమ్మంలోంచి ప్రకటన చేసేవాడు: "కారుచౌక!"

ఒక కారుచౌక మనుషుల్ని ఎడమ సగమే తీసేది. ఇంకొకదాని లెన్సులో పట్టిన బూజు వల్ల ప్రతి తల వెనకా ఒక వెలుగు వలయం వచ్చేది. పక్కింటి గుమాస్తా గారు ఆఫీసు గుర్తింపుకార్డుకు ఫోటో కావాలంటే, బాబాయి దాంతోనే తీసిచ్చాడు. మర్నాటి నుంచి ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు కార్డు చూసినప్పుడల్లా లేచి దండం పెట్టడం మొదలెట్టాడట. గుమాస్తా గారు చాలాకాలం మాతో మాట్లాడలేదు. పైసా ఖర్చు లేకుండా మహాత్ముణ్ణి చేస్తే ఈ కోపమేమిటని బాబాయే నొచ్చుకున్నాడు.

ఇంకోసారి మేమిద్దరం రైలు కోసం నిలబడి ఉన్నాం. ఎవరో పెద్దమనిషి మెడలో పాత కెమెరా వేలాడుతోంది. బాబాయి దగ్గరికి వెళ్ళి, అది ఆయన మెడలో ఉండగానే, వంగి వాసన చూశాడు. ఆ పెద్దమనిషి తన భార్య చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం ఆ చివరికి వెళ్ళిపోయాడు. నేను తలకిందులుగా పట్టుకున్న పేపరు వెనక దాక్కున్నాను. "సరుకు మంచిదేరా, మనిషే బెదురుగొడ్డు" అన్నాడు బాబాయి.

పిన్నికి ఈ కెమెరాలంటే ఒళ్ళుమంట. దానికి కారణం వాళ్ళ పెళ్ళి. ఆ పెళ్ళికి ఒక్క ఫోటో లేదు. వీధి చివర స్టూడియో నడిపే పెద్దాయన రోజంతా తీశాడుగానీ, కడిగి చూస్తే అన్నీ నల్లటి కాగితాలే. పిన్ని పుట్టింటివాళ్ళు ఆయన్ని నోటికొచ్చిందల్లా అన్నారు. ఆయన తలవంచుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి పిన్ని ఆ గుమ్మం తొక్కలేదు. కూరలకు వెళ్ళాలన్నా చుట్టుదారినే వెళ్ళేది.

అన్నిటికంటే వింత, కొన్న కెమెరాలేవీ ఇంట్లో ఉండేవి కావు. వచ్చిన రోజు భోజనాలబల్ల మీద పెళ్ళికొడుకులా కూర్చునేవి, మర్నాటికి మాయం. పిన్ని బియ్యం డబ్బాలో చూసింది, పరుపుల కింద చూసింది, నీళ్ళ ట్యాంకు వెనకా చూసింది. నన్ను అటకెక్కిస్తే, ఏనాడో పోయిందనుకున్న కుక్కరు మూత దొరికింది. బాబాయిని అడిగితే అవన్నీ భద్రంగా ఉన్నాయనేవాడు. ఎక్కడంటే నవ్వేవాడు.

ఇలా ఉండగా బాబాయి కూతురికి, అంటే మా చెల్లికి, పెళ్ళి కుదిరింది. పిన్నికి మిగతా ఏర్పాట్ల గురించి బెంగ లేదు. ఫోటోలు రావాలి, అంతే. కొత్త కెమెరా ఉన్న కొత్త మనిషిని పిలవమంది. తాను అప్పుడే మాట్లాడేశానన్నాడు బాబాయి. ఎవరితోనో చెప్పలేదుగానీ, "కారుచౌక" అని నోరుజారాడు. పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, నా పెళ్ళి జరిగిందని చూపించుకోడానికి నాకు కాగితమ్ముక్క లేదు. దాని పెళ్ళి కూడా ఆ నల్లకాగితాల్లో కలిస్తే మీ బాబాయితో ఈ జన్మకి మాట్లాడను. ఎవర్ని పట్టాడో చూసి రా."

సాయంత్రం బాబాయి వెనకే నక్కుతూ వెళ్ళాను. ఆయన తిన్నగా ఆ స్టూడియోలోకే దూరాడు. సంచిలోంచి ఏదో తీసిచ్చి కాసేపటికి బయటికొచ్చాడు. ఆయన మలుపు తిరిగాక నేను లోపలికి వెళ్ళాను. అపరాధ పరిశోధకుణ్ణి కాబట్టి, కొనడానికి వచ్చినవాడిలా నటించాను. అద్దాల బీరువాలో ఉన్న పొడుగాటి లెన్సు అమ్ముతారా అని అడిగాను.

"అది మీ బాబాయిది" అన్నాడు పెద్దాయన. నా నటన అక్కడితో ముగిసింది.

పక్కనున్న కెమెరా? అదీ బాబాయిదే. గొడుగు దీపాలు, స్టాండు, గోడనున్న నిలువుటద్దం, అన్నీ బాబాయివే.

"నువ్వు కూచున్న కుర్చీ కూడా" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"మరి మీదంటూ ఏం మిగిలిందండీ?"

"ఫోటో దిగేవాళ్ళ వెనక వేలాడే ఆ తెర ఒక్కటే బాబూ. చిరిగింది కదా, ఇంకా బేరం తెగలేదు."

అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక ఆయన దగ్గర ఫోటో దిగేవాళ్ళు తగ్గిపోయారట. ఇక మూసేద్దామని పాతసామాన్లవాణ్ణి పిలిచాడు. వాడు తూకానికి తియ్యబోతుంటే బాబాయి వచ్చి, లెన్సు వాసన చూసి, తాను కొంటానన్నాడు. కొన్నాక ఇంట్లో చోటు లేదు, ఇక్కడే ఉండనిమ్మన్నాడు. ఊరికే పెడితే బూజు పడుతుంది, రోజూ వాడుతుండమని చెప్పి చక్కా పోయాడు. అలా ఒక్కొక్కటే కొన్నాడు. బజార్లో ఏరుకొచ్చినవీ ఇక్కడికే చేరేవి. వాటిని బాగుచెయ్యడం పెద్దాయన పని.

"బేరం మాత్రం ప్రాణం తీస్తాడు" అన్నాడు పెద్దాయన. "జాలిపడి కొంటున్నాడని నాకెక్కడ తోస్తుందోనని."

ఇక ఉండబట్టలేక, పిన్ని పెళ్ళి ఫోటోల సంగతి కదిపాను. ఆయన బయటికి ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ రోజు తీసింది నా కెమెరాతో కాదు. పెళ్ళికొడుకు, అదే మీ బాబాయి, అప్పుడే ఒకటి చౌకగా కొన్నాడట, దాంతోనే తియ్యమని పట్టుబట్టాడు. లోపల వెలుతురు రానిచ్చే రెక్క తెరుచుకోనేలేదు. టక్కుమని చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేది."

"ఆ మాటే చెప్పెయ్యక తిట్లెందుకు తిన్నారు?"

"పెళ్ళిరోజున మనిషిని అత్తారి ముందు చిన్నబుచ్చితే ఫోటోలొస్తాయా? తరవాత అతనే మీ పిన్నితో చెప్పేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. కొత్త కాపురం కదా."

నేను ఇంటికొచ్చి పిన్నికి పూసగుచ్చినట్టు చెప్పేశాను. ఆవిడ శుభ్రంగా ఉన్న గ్లాసునే మళ్ళీ మళ్ళీ తోమింది. ఆఖరికి, "పెళ్ళికి ఆ పెద్దాయన్నే రమ్మను. నాకు తెలుసని మీ బాబాయికి చెప్పకు" అంది.

పెళ్ళి ఫోటోలన్నీ వచ్చాయి. చెల్లి చెంప మీద జారిన చెమటచుక్కతో సహా వచ్చాయి. ఒకటే లోపం, బాబాయి ఏ ఫోటోలోనూ మనవైపు చూడడు. పెళ్ళికొడుకు మేనమామ మెడలోని కెమెరా వైపు చూస్తుంటాడు. ఒకదాంట్లో వాసన చూస్తున్నాడు.

ఆల్బమ్ తెచ్చుకోడానికి నేనూ బాబాయీ వెళ్తుంటే పిన్ని కూడా బయల్దేరింది. స్టూడియో గుమ్మం దగ్గర ఓ క్షణం ఆగి, చెంగు సర్దుకుని లోపలికి వచ్చింది.

"మా ఇద్దరికీ ఒక ఫోటో తియ్యండి. ఈసారి మీ కెమెరాతో" అంది.

"నాదేదీ లేదమ్మా. అన్నీ మీ వారివే."

"అయితే ఆయన్ని ముట్టుకోనివ్వకండి."

బాబాయి నావైపు చూశాడు. నేను గోడ మీది ఫోటోలు చూస్తున్నాను. ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు. తెర మీద ఒక సరస్సు, అందులో హంస, సరిగ్గా హంస మెడ దగ్గర చిరుగు. ఫోటో అయ్యాక పిన్ని వెనక్కి తిరిగి, ఆ చిరుగులో వేలు పెట్టి చూసింది. తరవాత వంగి, తెర వాసన చూసింది.

"బూజు పట్టిందండీ" అంది పెద్దాయనతో. "ఎంతకిస్తారు?"

బాబాయి తెల్లబోయి, ఇంట్లో అంత తెరకు చోటెక్కడుందన్నాడు.

"ఇంటికెందుకు? ఇక్కడే వేలాడనివ్వండి" అంది పిన్ని.