మూడు చక్రాల తెరచాప

మా షాపు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీకి ఒక మూల తాడు ఊడిపోయింది. పొద్దుటినుంచీ గాలికి పటపటా కొట్టుకుంటోంది. వచ్చినవాళ్లు పాడైన ఫోన్లు బల్ల మీద పెట్టి తమ గోడు చెప్పుకుంటున్నారు గానీ నాకు ఒక్క ముక్కా చెవికెక్కడం లేదు. వదులైన గుడ్డ చేసే ఆ చప్పుడు వింటే కరీముల్లా గారు గుర్తొస్తారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కాలం గడిస్తే బాధ తగ్గుతుందని చెప్పిన పెద్దమనుషులెవరో గానీ, వాళ్లకు నాకు దొరికినలాంటి గురువు దొరికి ఉండడు.

కరీముల్లా గారిది బందరులో టీవీలు, టేప్ రికార్డర్లు బాగుచేసే షాపు. అంతకుముందు చాలాకాలం ఓడల్లో రేడియో పని చేసి వచ్చారు. తొంభైల చివర్లో నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టుకుని గుడివాడ నుంచి రైల్లో వెళ్లి ఆయన్ను పని అడిగాను. అప్పటికే మా ఊళ్లో షాపులవాళ్లు, ఆడపిల్లకు ఇదేం పని అని నవ్వి పంపేశారు. ఈయన నవ్వలేదు. నా సర్టిఫికెట్ కూడా చూడలేదు. "సోల్డరింగ్ చేసేటప్పుడు ఊపిరి బిగబడతావా అమ్మాయ్?" అని అడిగారు. బిగబడతానన్నాను. "అదే వద్దు. ఊపిరి బిగబడితే చెయ్యి కూడా బిగుసుకుపోద్ది. వదిలెయ్," అని సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చారు. ఆ రోజునుంచే పనిలో చేరిపోయాను.

ఆదివారం సాయంత్రాలు ఆయన మంగినపూడి బీచికి వెళ్లేవారు. స్కూటరు వెనక సీటు ఆయన బండిది, నాకు బస్సు. ఆ బండి ఆయన సొంతంగా తయారుచేసింది. పిల్లల సైకిలు చక్రాలు మూడు, ఒక అల్యూమినియం గొట్టం, దానికి గొడుగు గుడ్డతో కుట్టించిన తెరచాప. ఇంజను లేదు, గాలే నడపాలి. ఏదో దేశపు ఒడ్డున ఇలాంటివి పరుగెత్తడం చూసి, వచ్చేటప్పుడు రేడియో పెట్టె ఒకటి కొని తెచ్చుకున్నారట. ఆ పెట్టె మీద రెండు మీటలుండేవి. ఒకటి ముందు చక్రాన్ని తిప్పుతుంది. రెండోది తెరచాప తాడును లాగుతుంది, వదులుతుంది. అలలు వెనక్కి తగ్గాక గట్టిపడిన నల్లమట్టి మీద, సముద్రం గాలికి ఆ బండి ఒడ్డు వెంట దూసుకుపోతుంటే ఈయన చిన్నపిల్లాడిలా గంతులేసేవారు.

మొదటిసారి నా చేతికిచ్చినప్పుడు గాలి రాగానే తాడు గట్టిగా లాగేశాను. బండి ముందుకు కదల్లేదు సరిగదా, ఉన్నచోటే పక్కకు ఒరిగి పడింది. "అందరూ అంతేనమ్మా," అన్నారాయన బండిని లేపుతూ. "గాలి మీదకొస్తే చేతికి భయం. భయమేస్తే లాగుద్ది. నువ్వు వదలాలి. బండి పరుగందుకున్నాక అప్పుడు మెల్లమెల్లగా లాక్కో." ఎన్నో ఆదివారాలు పట్టింది నాకు అది అబ్బడానికి. షాపులోనూ ఆయన పద్ధతి అదే. కోపంగా అరిచే కస్టమర్ని చివరిదాకా అరవనిచ్చి, వాడి ఆవేశం చల్లారాక టీవీలో ఏం చెడిందో చెప్పేవారు. నేను మాత్రం ఎదురు అరిచేదాన్ని. ఆయన నవ్వుకునేవారు.

ఒక సాయంత్రం బండి తడబడుతూ వెళ్లింది. గాలి నిలకడగానే ఉంది. అయినా తెరచాప ఆగకుండా కొట్టుకుంటోంది, కాస్త లాగి కాస్త వదిలి, మళ్లీ లాగి మళ్లీ వదిలి. "తాడు సరిగ్గా కట్టలేదా బాబాయిగారూ?" అని అడిగాను. "తాడు బానే ఉందమ్మా," అన్నారు, బండి మీంచి చూపు తిప్పకుండా. "చెయ్యే బాలేదు." అప్పుడు ఆయన బొటనవేలు చూశాను. మీట మీద అది ఆగకుండా వణుకుతోంది. షాపులో ఆ చేతిని జేబులో దాచుకుని నెట్టుకొస్తున్నారన్నమాట. అక్కడ, అంత దూరాన, తెరచాప మాత్రం ఆ వణుకునంతా ఊరందరికీ కనబడేలా చూపిస్తోంది. నా కాళ్ల కింద మట్టి జారిపోయినట్టయింది.

విజయవాడలో పెద్ద డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. తగ్గేది కాదు, పెరిగేదేనట. తిరిగి వస్తూ పామర్రులో బస్సు ఆగినప్పుడు ఆయన, "షాపు నువ్వు చూసుకుంటావు, నాకు దిగుల్లేదు. ఆ తాడు మీట ఒక్కటి నా చేతిలో ఉంటే చాలు," అన్నారు. ఇంకేమీ కోరుకోలేదా మనిషి. నేను ఊరుకుంటానా? పెట్టె విప్పి, చిన్నచిన్న అదుర్లను మింగేసేలా లోపల ఒక కెపాసిటర్ వేశాను. తర్వాతి ఆదివారం తెరచాప వణకలేదు. నాకు ఏనుగెక్కినంత సంబరం. అంతలో పెద్ద గాలి వచ్చింది. ఆయన వెంటనే వదిలారు, కానీ ఆ మాట తెరచాపకు ఆలస్యంగా చేరింది. బండి బోర్లా పడింది. ఆయన దాన్ని లేపడానికి కూడా వెళ్లలేదు. "నా వణుకు దాచావు, బానే ఉంది. ఇప్పుడది నా మాట వినట్లేదు. తీసెయ్యమ్మా," అన్నారు. తీసేశాను. అదే ఆఖరి ఉపాయం, నా దగ్గర ఇంకోటి లేదు.

తర్వాత వచ్చిన వేసవిలో, మీట మీద వేలు నిలవక, ఆయన పెట్టె నాకు అందించారు. "నువ్వు నడుపు. నేను చూస్తా." నడిపాను. గాలి మీదకొస్తే వదిలాను, వేగం పెరుగుతుంటే మెల్లగా లాక్కున్నాను. గొడుగు గుడ్డలో ఒక్క అదురు లేదు. బండి రెండు చక్రాల మీద లేచి, సర్దుకుని, ఒడ్డు చివరిదాకా వెళ్లి మలుపు తిరిగి మా దగ్గరికి వచ్చి ఆగింది. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ నడపలేదు. మెచ్చుకుంటారని తిరిగి చూశాను. ఆయన తన కుడిచేతిని ఎడమచేత్తో అదిమి పట్టుకుని ఏడుస్తున్నారు. "బాగా నడిపావమ్మా," అన్నారు. "చెయ్యంటే అలా ఉండాలి."

మళ్లీ బీచికి రాలేదు. ఎన్ని ఆదివారాలు పిలిచినా, ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నారు. ఆ తర్వాత మంచం, బిగుసుకుపోయిన ఒళ్లు, మాట పడిపోవడం, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నీ డాక్టరు చెప్పినట్టే జరిగాయి, దేవుడు ఒక్కటైనా తప్పించలేదు. ఆయన పోయాక షాపు నాదైంది, బందరులో మంచి పేరే వచ్చింది. కంటికి ఆనని ఫోను ముక్కల మీద సోల్డరింగ్ పెడుతుంటే చుట్టూ చేరి చూస్తారు. "ఏం చెయ్యండీ మీది, అసలు కదల్దు!" అంటారు. ప్రతిసారీ ఆయన ఏడుపు ముఖమే కళ్ల ముందుకొస్తుంది. ఈ చేతిని ఇలా తయారుచేసింది ఆయనే, దీన్ని చూసే ఆయన ఆశ వదులుకున్నారు. ఆ రోజు తర్వాత దీన్ని ఎవరు మెచ్చుకున్నా నాకు సంతోషం కలగలేదు.