చచ్చాక పాడిన డ్యూయెట్టు

నిండు సభలో ఒకరిని పొగుడుతూ, పక్కనే ఉన్న ఇంకొకరి ఉద్యోగం ఊడగొట్టినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. తిట్టి కాదు, పితూరీ చెప్పి కాదు, మనస్ఫూర్తిగా మెచ్చుకునే ఆ పని చేశాను.

ఎనభైల మొదట్లో నేను విశాఖ పోర్టులో గుమాస్తాని. సాయంత్రమైతే వన్‌టౌన్‌లో సినిమా హాలు ఎదురుగా ఉన్న టీ కొట్టే నా అసలు కొలువు. హీరో చొక్కా రంగెందుకు మారింది, గోడ గడియారం ఎందుకు ఆగింది, అన్నీ నేనే విడమరిచి చెప్పాలి. నన్నడగకుండా ఏ దర్శకుడూ షూటింగు మొదలుపెట్టడన్నట్టుండేది నా ధోరణి.

ఒక ఏడాది ఆ హాల్లో విడుదలైన సినిమాకి మొదటి రోజే మార్నింగ్ షోకి వెళ్లాను. హీరోయిన్ కొండ మీంచి పడి చచ్చిపోయింది. ఐదు నిమిషాలు తిరక్కుండా పసుపు చీర కట్టుకొని సముద్రపొడ్డున డ్యూయెట్టు పాడింది. జనం ఈలలు వేస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. అది ఆత్మ. ఆ పసుపు తీరని పెళ్లి కోరిక. టీ కొట్టు దగ్గర వారాల తరబడి ఇదే చెప్పాను.

మా మేనత్త కొడుకు సూరిబాబు ఒక్కడే నసిగాడు.

“అదేటి బావా, నాను సూసినప్పుడు పాట ముందొచ్చింది, సావు తరవాతొచ్చింది.”

“నువ్వు కత సూసినావు. నాను బావం సూసినాను.”

“మల్లీ ఓపాలి ఎల్దామా మరి?”

“పదకొండుసార్లు సూసినోడితోనా వాదన?”

నిజానికి నేను చూసింది ఒక్కసారే. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

యాభై రోజుల వేడుకకి దర్శకుడు హాలుకొచ్చారు. అభిమానుల తరఫున నన్ను మాట్లాడమన్నారు. దండ వేసి మైకు అందుకున్నాను.

“చచ్చిపోయిన హీరోయిన్‌తో డ్యూయెట్టు పాడించే ధైర్యం మీకు తప్ప ఎవరికుంది సార్?”

ఆయన అయోమయంగా చూశారు. “ఆవిడ చచ్చాక పాటెక్కడుంది బాబూ?”

అక్కడైనా ఆగాలా? ఆగలేదు. “ఉంది సార్. మొదటి రోజు మార్నింగ్ షోలో నా కళ్లతో చూశాను.”

హాలు యజమాని మెల్లగా తల తిప్పి, స్టేజీ పక్కన నిలబడ్డ ప్రొజెక్టర్ ఆపరేటర్ ఖాదర్ గారి వైపు చూశాడు. ఖాదర్ గారు తల దించుకున్నారు. ఆ ఒక్క ఆటకి పొరపాటున రీళ్లు ముందువెనకలు చేసి, ఆ సంగతి పైకి పొక్కకుండా అన్నాళ్లూ గుండెల్లో దాచుకున్నారాయన. మర్నాడు ఆయన్ని పనిలోంచి తీసేశారు.

నాకు అన్నం సహించలేదు. రెండు రోజులు టీ కొట్టు వైపు వెళ్లకుండా సందుల్లోంచి ఇంటికి పోయాను. మూడోరోజు హాలు యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“తప్పు నాదండి. నాను సినిమాలో నిద్రపోయినాను. ఆ పాట కలలో వొచ్చుంటది.”

ఆయన నమ్మాడో లేదో తెలియదు. “నా హాలు పరువు నలుగుర్లో తీసినావు. ఆ మాటేదో ఆదివారం ఇంటర్వెల్లో నలుగురికీ సెప్పు. ఖాదర్ని రమ్మంటాను.”

ఆదివారం తెర ముందు నిలబడ్డాను. “ఈ సినిమా నాను ఒక్కసారే సూసినాను. అప్పుడూ నిద్రపోయినాను.”

బాల్కనీలోంచి సూరిబాబు గొంతు నెమ్మదిగా వినిపించింది. “మరి బావం, బావా?”

ఆ నవ్వులకి హాలు పైకప్పు లేచిపోతుందనుకున్నాను. లేచిపోయినా బాగుండును, అందరూ పైకి చూసేవారు.

ఖాదర్ గారు పనిలో చేరాక, క్షమాపణ చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

“ఆ రోజు హాల్నిండా జనం. రీళ్లు మారినాయని ఒక్కడూ కనిపెట్టలేదు బాబూ, నువ్వు తప్ప,” అన్నారు నిదానంగా. “కనిపెట్టి, మెచ్చుకున్నావు.”

అంతకన్నా చెంపదెబ్బ కొట్టుంటే సుఖంగా ఉండేది.

ఆ గుమ్మం దిగుతూ ఒట్టు పెట్టుకున్నాను. సినిమా ఎలా ఉందని ఎవరడిగినా, ఫ్యాన్లు బాగా తిరిగాయని మాత్రమే చెబుతాను. అవి ఎందుకు తిరిగాయో నాకు తెలియదు.