సైకిల్ దిగాక తడబడిన కాలు

2007లో అనకాపల్లిలో మా ఫిజియోథెరపీ క్లినిక్ రెండు గదులది. నడుం పట్టేసిన రైతులు, నిలబడి పనిచేసి మోకాళ్లు వాచిన కంపెనీ కార్మికులు ఎక్కువగా వచ్చేవారు. ఆ వేసవిలో పూడిమడక నుంచి ఎల్లాజీ అనే మత్స్యకారుడు తన కూతురు నూకరత్నాన్ని తీసుకొచ్చాడు. డిగ్రీ చదువుతున్న ఆ అమ్మాయి ట్రయాథ్లాన్‌లో పోటీ చేస్తుంది. అంటే ఈత, సైకిల్, పరుగు, మధ్యలో విరామం లేకుండా. రాష్ట్ర జట్టు ఎంపికకు ఆరు వారాలే ఉంది.

"సైకిల్ దిగి పరిగెడితే కుడికాలు నాది కాదనిపిత్తాది మేడమ్. పాదం లేవదు. రెండుసార్లు పడిపోయేను," అంది.

"నడుంలో నరం నలిగిపోయుంటాదని ఊళ్లో ఒకాయన సెప్పేడు. ఆటలు మాన్పించీమంటన్నారు. ఏటి సేయమంటారు డాక్టరమ్మా?" అన్నాడు ఎల్లాజీ.

పాదం లేవకపోవడాన్ని మేం ఫుట్ డ్రాప్ అంటాం. నరం దెబ్బతిన్నప్పుడు వస్తుంది కాబట్టి నాకూ భయం వేసింది. మంచం మీద పడుకోబెట్టి పరీక్షించాను. స్పర్శ, రిఫ్లెక్సులు, కండరాల బలం అన్నీ సరిగ్గా ఉన్నాయి. వీధిలో పరిగెత్తమంటే చక్కగా పరిగెత్తింది. విశాఖలో నరాల డాక్టరుకు చూపిస్తే ఆయనా లోపమేమీ లేదన్నారు. అయినా ఆ పిల్ల అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఒక ఉదయం పూడిమడక వెళ్లాను. గంటసేపు సైకిల్ తొక్కించి, దిగిన వెంటనే తీరంలో తడి ఇసుక మీద పరిగెత్తించాను. మొదట అడుగులు పొట్టిగా పడ్డాయి. కుడి కాలి వేళ్లు ఇసుకను గీసుకుంటూ పోయాయి. నడుం ఇంకా హ్యాండిల్ మీదికి వంగినట్టే ఉంది. కొంత దూరం పోయాక గీతలు ఆగిపోయాయి, అడుగు సాగింది. నరం దెబ్బతింటే పరిగెడుతుండగానే ఇలా బాగుపడదు.

"నరం బాగానే ఉంది. సైకిల్ దిగినా కండరాలు ఇంకా తొక్కుతున్నట్టే పనిచేస్తున్నాయి. పరుగులోకి మారడం వాటికి నేర్పాలి," అన్నాను.

ఎల్లాజీ ఇసుకలో కూలబడ్డాడు. "అయితే కాలు పోదు కదమ్మా? అదొక్కటీ సెప్పండి, సాలు."

"పోదు."

తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆ రోజు నుంచే బ్రిక్ సెషన్లు మొదలుపెట్టాం. కాసేపు సైకిల్, దిగగానే కొద్ది దూరం పరుగు, మళ్లీ సైకిల్. దాంతోపాటు గెంతే వ్యాయామాలు, పాదాన్ని పైకి లేపే ముంగాలి కండరానికి బలం పెంచే కసరత్తులు. ఐదో వారానికి అడుగు కుదురుకుంది. ఎంపికలో జట్టులో చివరి స్థానం దక్కింది. నూకరత్నం ఫోన్‌లో ఆ సంగతి తర్వాత చెప్పింది. ముందు చెప్పిన మాట, "పడలేదు మేడమ్."

రోగి చెప్పేదానికీ, మంచం మీద నాకు కనిపించేదానికీ పొంతన కుదరకపోతే రోగిని అనుమానించడం అప్పటితో మానేశాను. బాధ ఏ పనిలో పుడుతుందో ఆ పని చేయించి చూస్తాను. అవసరమైతే నేనే అక్కడికి వెళతాను.