కార్డులో లేని రాళ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒక్కటే ఉండేది, నాకేమీ తెలియదన్న విషయం. మిగతావన్నీ తెలుసు. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో వ్యవసాయ డిప్లొమా, మెడలో ఐడీ కార్డు, కాళ్లకు మొదటి జీతంతో కొనుక్కున్న తెల్ల బూట్లు. ఇన్ని ఉన్నవాడికి ఇంకేం కావాలి? నా ఉద్యోగం పేరు ఇంగ్లీషులో రెండు లైన్లు ఉండేది. తెలుగులో చెప్పాలంటే చేలల్లో తిరిగి పరీక్షకు మట్టి పోగుచేసేవాణ్ణి, అదీ కాంట్రాక్టు మీద. అయినా పెళ్లి సంబంధాల వాళ్లకు మా అమ్మీ నన్ను ఆఫీసరనే చెప్పేది. నేనూ కాదనేవాణ్ణి కాదు.

వైరాలో మాది జల్లెడల దుకాణం. తాత కాలం నుంచీ అదే పని. పిండి జల్లెడ, బియ్యం జల్లెడ, తాపీ పనివాళ్లు ఇసుక జల్లించుకునే పెద్ద జల్లెడ, ఏది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా అబ్బా దగ్గరికే వచ్చేవారు. నేను మాత్రం ఈ జన్మలో జల్లెడ పట్టనని పదో తరగతిలోనే ఒట్టు పెట్టుకుని చదువుకున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు స్టోర్‌లో నాకు ఒక పార, ఒక బకెట్, ఒక కట్ట గుడ్డసంచులు, ఒక జల్లెడ ఇచ్చారు. (తిరగేసి చూస్తే అంచు మీద మా దుకాణం గుర్తు ఉంది. ఒట్లు పెట్టుకునే ముందు మనిషి కాస్త ఆలోచించుకోవాలి.)

ట్రైనింగ్‌లో నాకు బాగా నచ్చిన పాఠం ఎడారి నేలలది. వరదలు తెచ్చిపోసిన ఒండ్రులో ఏర్పడిన గులకరాళ్ల నేలల గురించి ఒక పేజీ మొత్తం ఉండేది. పైన రాళ్ల పరుపు, దాని కింద ఇసుక, అడుగున కొన్నిచోట్ల తెల్లటి సున్నపు పొర. నీళ్లు పెడితే నిలవవు, ఎరువు వేస్తే దక్కదు, సారం తక్కువ. ఇదంతా నేను నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. ఆ పేజీ చివర్న, పైనున్న రాళ్లు కింది మట్టిని ఎండ నుంచీ గాలి నుంచీ వాన దెబ్బ నుంచీ కాపాడతాయని ఒక వాక్యం కూడా ఉండేది. అది పరీక్షలో అడగరని ఎవరో చెబితే వదిలేశాను. కాలువ నీళ్ల కింద పుట్టి పెరిగినవాణ్ణి కదా, మా వైపు పొలాల్లో రాయి కావాలంటే రోడ్డు మీదికొచ్చి వెతుక్కోవాలి. అలాంటి నన్ను ఆరు నెలలు ఏన్కూరు మండలంలో తిప్పి, ఇక పని వచ్చేసిందనుకున్నారో ఏమో, చర్ల వైపు పంపించారు.

చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో, ఒక వాగు ఒడ్డున రాళ్లచేను పెద్దమ్మ ఇల్లు. ఊళ్లో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఆమె మూడెకరాల చేను సరిగ్గా వాగు మలుపులో ఉంది. వాగు పొంగినప్పుడల్లా గుట్టల మీది నుంచి దొర్లించుకొచ్చిన గులకరాళ్లన్నీ అక్కడే దింపి పోతుంది. దూరం నుంచి చూస్తే అది చేను కాదు, రోడ్డు పనికి ఎవరో కంకర పోసి మరిచిపోయారనిపిస్తుంది. అందులోనే ఆమె కాపురానికొచ్చిన నాటి నుంచీ కంది, నువ్వు పండించుకుంటోంది. ఆ ఏడు ఆమె ఇల్లరికపుటల్లుడికి మిర్చి మీద మనసైంది. బ్లేడు ట్రాక్టర్ పెట్టి పై రాళ్లన్నీ గీకించి వాగులోకి తోయిస్తే చేను నున్నగా అవుతుందని అతని ఆలోచన. పెద్దమ్మకు ఇష్టం లేదు. మాటా మాటా పెరిగి, చివరికి మట్టి పరీక్ష ఎలా చెబితే అలా చేద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంటే ఆ చేను గతి నా చేతుల్లో ఉందన్నమాట. ఒకసారి గీకేసిన రాళ్లను మళ్లీ పరవడం ఎవరి తరమూ కాదు.

నేను వెళ్లిన రోజు పొద్దున్నే ఎండాకాలపు వాన మొదలైంది. నియమం ప్రకారం చేలో పదిచోట్ల నేనే జానెడు లోతున తవ్వి, మట్టి తీసి, అంతా కలిపి, అందులోంచి అరకిలో సంచిలో కట్టాలి. పెద్దమ్మ గుమ్మం నుంచి చేను దాకా దారంతా బురద. నేను దారి వంక చూశాను, బూట్ల వంక చూశాను. ఆ తర్వాత చేసింది చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గే. మట్టి ఎలా తీయాలో ఆమెకే వివరంగా చెప్పి, తీసి ఆరబెట్టి ఉంచమని, నాలుగు రోజులాగి వచ్చి పట్టుకుపోతానని అన్నాను. పోనీ అంతటితో ఊరుకున్నానా? వాళ్ల వసారాలో కూర్చుని చాయ్ తాగుతూ, దూరం నుంచే చేను చూసి, ఇది అచ్చంగా ఎడారి నేల అని ప్రకటించాను. ఎడారి అంటే ఏందని ఆమె అడిగింది. వాన పడని చోటని చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు చూరు నుంచి ధారగా కారుతున్న నీళ్లు నా నోట్‌బుక్కు మీదే పడుతున్నాయి. ఆమె నోట్‌బుక్కును కొంచెం లోపలికి జరిపింది.

నాలుగు రోజుల తర్వాత వెళ్లేసరికి సంచి సిద్ధంగా ఉంది, మూతికి దారం కూడా కట్టి. విప్పి చూస్తే లోపల మట్టి జొన్నపిండిలా మెత్తగా ఉంది. గులకరాయి మాట అటుంచి, చింతగింజంత బెడ్డ కూడా లేదు. అప్పుడు నాకు అనుమానం రావాలి. రాలేదు. జల్లెడ పట్టే పని తప్పిందని సంతోషపడి, నమూనా నేనే స్వయంగా తీశానని రాసి ఉన్న చోట ముత్యాల్లాంటి సంతకం పెట్టి ఖమ్మం ల్యాబుకు పంపించేశాను.

నెల తిరిగేసరికి పరీక్ష ఫలితాలు రాసిన కార్డు వచ్చింది. ఏం కార్డనుకున్నారు! మా వైరా కాలువ కింది పొలాలకు కూడా అంత మంచి కార్డు రావడం నేను చూడలేదు. బండి వేసుకుని నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అల్లుడు దాన్ని రెండు చేతులా అందుకుని అప్పటికప్పుడు ఫోన్ తీసి ఎల్లుండికి ట్రాక్టర్ మాట్లాడేశాడు. నేను మిర్చి మీద ఒక ఉపన్యాసం ఇచ్చాను. (ఎడారి నేల అన్నది నేనే కదా అని ఎవరూ అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.) పెద్దమ్మ చదువుకోలేదు. కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కో గడిలో ఏముందో నాచేత చదివించుకుంది. ఉప్పు ఎంత, నత్రజని ఎంత, భాస్వరం ఎంత, అన్నీ ఓపిగ్గా విన్నది. ఆఖరి గడి అయిపోయాక ఇంకేమైనా ఉందా అన్నట్టు కార్డు వెనకవైపు కూడా చూసింది.

"గిన్ని రాసిండ్రు గద సారూ," అంది, "గిందుల మా రాళ్లు ఏవి?"

నాకు మొదట నవ్వొచ్చింది. రాళ్లకు గడి ఉండదని, సంచిలో ఉన్న మట్టికే పరీక్ష చేస్తారని, అసలు ఆ సంచిలో ఒక్క రాయి కూడా లేదని చెప్పాను.

"ఎట్లుంటయి? నేనే ఏరిన," అంది పెద్దమ్మ. "పరాయి ఇంటికి పొయ్యేదాన్ని రాళ్లతోటి పంపుతమా? మా ఇజ్జత్ పోదా?"

సంగతేమిటంటే, ఆమె నేను చెప్పినట్టే పదిచోట్ల తవ్వి రెండు గంపల మట్టి తెచ్చింది. ఆరబెట్టింది. చేటలో పోసి చెరిగింది. రెండు పూటలు కూర్చుని ఒక్కొక్క రాయీ ఏరింది. అప్పటికీ తృప్తి కలగక చివర్న పిండి జల్లెడ పట్టింది. ఆ ఇంట్లో నుంచి బయటికి వెళ్లే గింజ ఏదైనా ఏరకుండా, చెరగకుండా వెళ్లదట. అలాంటిది పెద్ద ఆఫీసుకు వెళ్లే మట్టిని ఉన్నదున్నట్టు ఎలా పంపుతుంది? ఆమె తన మర్యాద తాను కాపాడుకుంది. నా పని నేను చేయలేదు. నేనే తవ్వి ఉంటే అక్కడ మట్టి కన్నా రాళ్లే ఎక్కువని అప్పుడే తెలిసేది. ఆ గొప్ప కార్డు ఆ చేనుది కాదు, పెద్దమ్మ చేటది.

ఎల్లుండి ట్రాక్టర్ వస్తుంది. నోరు మూసుకుని బండెక్కితే నన్ను అడిగేవాళ్లెవరూ లేరు. అబద్ధమెందుకు, ఆ ఆలోచన కూడా వచ్చింది. కానీ అల్లుడు అప్పటికే కార్డు తగిలించడానికి గోడకు మేకు కొడుతున్నాడు. ఆ సుత్తి చప్పుడు నేను భరించలేకపోయాను.

"తప్పు నాదే పెద్దమ్మా," అన్నాను. "నేను మీ చేన్ల కాలే పెట్టలే."

అల్లుడు సుత్తి దించి నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మూలనున్న గడ్డపార తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ మధ్యాహ్నం మండుటెండలో, తెల్ల బూట్లు గట్టు మీద విప్పిపెట్టి, కాళ్లు కాలుతుంటే గెంతులు వేస్తూ ఆ చేను తవ్వాను. గడ్డపార వేసిన చోటల్లా ఖణేల్మని రాయి. మోకాలి లోతు దిగేసరికి చేతులు బొబ్బలెక్కాయి. కానీ ఆ గుంట గోడ చూశాక నొప్పి మరిచిపోయాను. పైన గులకరాళ్లు, కింద సన్నటి ఇసుక, దాని కింద వేలెడు మందాన నల్లటి ఒండ్రు, మళ్లీ గులకరాళ్లు, మళ్లీ ఇసుక. వాగు ఎన్నిసార్లు వచ్చి పోయిందో వరసగా కనిపిస్తోంది. నేను అప్పజెప్పుకున్న పేజీ అక్కడ నిలువునా నిలబడి ఉంది, ఒక్క సున్నపు పొర తప్ప.

పెద్దమ్మ గట్టు దిగి వచ్చి, పైనున్న అరచేతంత రాయి ఒకటి ఎత్తింది. దాని అడుగున మట్టి ముదురురంగులో ఉంది. వాన పడి పది రోజులైంది. అల్లుడు వంగి వేలు పెట్టి చూశాడు. ఇంకో రాయి ఎత్తి చూశాడు. నాలుగోది కూడా చూశాక "అవ్, తడి ఉన్నది" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. రాళ్లు పోతే ఆ తడి మూడు రోజులు ఆగదని, వాగు పొంగిన మొదటి వానకే అడుగు మట్టి కూడా దానితోపాటు పోతుందని నేను చెప్పాను. పరీక్షలో అడగరని వదిలేసిన వాక్యం అదే. ఆ సాయంత్రం అతను ట్రాక్టర్ వద్దని ఫోన్ చేశాడు.

మర్నాడు రెండు సంచులతో బస్సెక్కాను, ఒకదాంట్లో మట్టి, ఇంకోదాంట్లో అదే గుంటల్లో వచ్చిన రాళ్లు. దారిలో వైరాలో దిగి దుకాణానికి వెళ్లి కాటా మీద పెడితే మట్టి ఒక పాలుంటే రాళ్లు రెండు పాళ్లు తూగాయి. జరిగిందంతా అబ్బాకు చెప్పాను. ఇంట్లో మేం ఉర్దూయే మాట్లాడతాం గానీ, దుకాణం సంగతులు మాత్రం అబ్బా ఎప్పుడూ తెలుగులోనే చెబుతాడు.

"జల్లెడ కొనేటోడు కింద పడ్డదే చూస్తడు," అన్నాడు. "పైన ఏం మిగిలిందో గూడ చూసేటోడే పనోడు."

ఖమ్మంలో మా పెద్దసారు మధిర వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మట్టి తెమ్మంటే రాళ్లు కూడా మోసుకొచ్చావేంటయ్యా అని అడిగాడు. అబద్ధపు సంతకం సంగతితో సహా ఒప్పేసుకున్నాను. ఆయన చాలాసేపు ఆ రాళ్లను చేత్తో అటూ ఇటూ కదిపి, గడి లేకపోతే అంచున రాసివ్వమన్నాడు. అలా పెద్దమ్మ కొత్త కార్డు అంచున, నా చేతిరాతతో, మూడు పాళ్లలో రెండు పాళ్లు గులకరాళ్లని, వాటిని తీయవద్దని, కంది నువ్వులకు అనుకూలమని ఎక్కింది. నన్ను మాత్రం మూడు నెలలు కుర్చీలో కూర్చోబెట్టి సంచుల మీద నంబర్లు రాయించారు. ఆ ఏడు పెద్దమ్మ చేలో కంది నా భుజం దాకా వచ్చింది.

ఇప్పుడు నేను నిజంగానే ఆఫీసర్ని. (అమ్మీ అబద్ధం ఆలస్యంగానైనా నిజమైంది.) నా కింద నలుగురు పనిచేస్తున్నారు. మట్టి వాళ్లు తెస్తారు, సంతకం నేను పెడతాను. ఏటా పంట చేతికి రాగానే పెద్దమ్మ ఎవరో ఒకరి చేత మాకు కందిపప్పు పంపుతుంది. మా ఇంటావిడ దాన్ని ఏరకుండానే పొయ్యి మీద పెట్టేస్తుంది, ఆ నమ్మకం అలాంటిది. నేను మాత్రం ముందుగా పళ్లెంలో పోసి వేళ్లతో కలియబెట్టి చూస్తాను, ఒక్క రాయన్నా దొరుకుతుందేమోనని. ఇన్నేళ్లలో ఎప్పుడూ దొరకలేదు.

ఈ ఏడు దొరికింది. శనగగింజంత, నున్నటి వాగు రాయి. నవ్వుకున్నాను, ఆ వెంటనే గుబులేసింది. ఆమె కళ్లు మందగించాయేమో. ఉండబట్టలేక ఫోన్ చేస్తే అల్లుడు ఎత్తి ఆమెకిచ్చాడు. రాయి సంగతి చెప్పి, ఒకసారి కంటి దవాఖానాకు తీసుకుపొమ్మని అల్లుడితో చెప్పనా అని అడిగాను.

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్ బిడ్డా. అది నేనే ఇడ్సిన," అంది. "ఈ నడుమ నువ్వు చేన్లకు వస్తలేవంట. ఎవలో తెచ్చిన సంచుల మీదనే సంతకం పెడ్తున్నవంట గద."

తల వంచుకుంటే గుమ్మం పక్కన విప్పిన నా బూట్లు కనిపించాయి. నల్లవి, బురద అంటి ఎంత కాలమైందో. ఇన్నేళ్లుగా ఆ ఇరవై రెండేళ్లవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ వచ్చాను. ఒప్పుకోవడానికి వాడికి పట్టింది ఒక్క పూట, నాకు ఎన్నేళ్లు పట్టేదో. రేపు పొద్దున మొదటి బస్సుకు చర్ల వెళ్తున్నాను. వాగులో మోకాళ్ల లోతు నీళ్లున్నాయట. బూట్లు ఇంట్లోనే వదిలేసి వెళ్తాను.