బొట్టుబిళ్ల కింద వెలుతురు

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ వెళ్తున్న ఆ కిరాయి కారులో ముగ్గురం ఉన్నాం: డ్రైవర్ యాదయ్య, కంటి ఆపరేషన్‌కు దవాఖానకు వెళ్తున్న ఒక అవ్వ, నేను. నా సంచిలో ఇంజిన్ లోపాలు చదివే స్కానర్ ఉంది. కారు మీటర్ల మధ్య ఒక ఎర్రటి బొట్టుబిళ్ల ఉంది. దాని అంచుల చుట్టూ పసుపు వెలుతురు కనిపిస్తోంది.

“ఇంజన్ లైటు సార్. అది జూసి ఎక్కినోళ్లు భయపడుతున్నరని మా ఇంటామె అతికిచ్చింది,” అన్నాడు యాదయ్య.

నాకు అర్థం కాలేదు. హెచ్చరికను మూసేస్తే బండి బాగైనట్టా? కారు ఆపించి స్కానర్ తగిలించాను. పెట్రోలు ఆవిరి బయటికి పోతోందని కోడ్ వచ్చింది. చూస్తే ట్యాంకు మూత వదులుగా ఉంది. దాన్ని బిగించి, స్కానర్‌తో కోడ్ తుడిచేశాను. లైటు ఆరింది. యాదయ్య బొట్టుబిళ్ల పీకేశాడు.

ఇదంతా మసకమసకగా చూసిన అవ్వ, నిన్నటి రక్తపరీక్ష రిపోర్టు నా చేతిలో పెట్టింది.

“బిడ్డా, గీ షుగరు నెంబరు గూడ జర తుడిచెయ్యి. గిది తగ్గలేదని ఆపరేషన్ జెయ్యకుంట రెండుసార్లు వాపస్ పంపిన్రు. కండ్లు గానక మా మేక ఏదో, పక్కోళ్ల మేక ఏదో తెలుస్తలేదు.”

“ఇది తుడిస్తే పోయేది కాదవ్వా. కారుకైతే మూత బిగించాను కాబట్టి...”

“అయితె నాగ్గూడ బిగియ్యి!”

యాదయ్య పడీపడీ నవ్వాడు. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. అవ్వ అతని వేలి మీది బొట్టుబిళ్ల తీసుకుని, నేను వేలు పెట్టి చూపిస్తున్న నెంబరు మీద అతికించింది. రిపోర్టు మడిచి రొండిన దోపుకుంది.

ఆ బిళ్ల కింద ఉన్న షుగరు 312.