మూడు రద్దులు

ఆస్పత్రి కౌంటరు పెద్దమనిషి నోరు కోడలు మూయించడం అత్తగారు కళ్ళారా చూసింది. బఠాణీలు ఒలుస్తూ, ఆ మసక కళ్ళతోనే.

"మీ ప్రోగ్రామే బుకింగులు మింగేస్తోందండీ!" స్పీకరు ఫోన్లో అతను గయ్యిమన్నాడు.

కోడలు గొంతు పెంచలేదు. ల్యాప్‌టాప్‌లో బుకింగ్ నంబరు కొట్టింది.

"పదీ పన్నెండుకి మీ రెండో కౌంటరు నుంచే రద్దయింది సార్. ఎవరి లాగిన్‌తోనో కూడా చదవమంటారా?"

అటువైపు ఠక్కున ఫోను పెట్టేశారు. "పాపం, వాడి మాట వాడి నోట్లోనే ఉండిపోయింది!" అని అత్తగారు తెగ సంబరపడింది.

కోడలు టైలరు కూతురు. చిన్నప్పుడు గుండీలు రంగులవారీగా డబ్బాల్లో సర్ది, అడిగింది చిటికెలో తీసిచ్చేదట. ఆస్పత్రుల బుకింగ్ ప్రోగ్రాం చూసుకునే ఉద్యోగంలోనూ అదే బుద్ధి. ప్రోగ్రాం తను చేసిన ప్రతి పనికీ ఓ పంక్తి రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. నాలుగు సర్వర్లలో చెల్లాచెదురుగా పడుండే ఆ పంక్తులు, పుట్టినవి పుట్టినట్టే ఆఫీసులోని ఒక సెర్చ్ ఇంజిన్‌కి చేరేలా చేసింది. ఇక వెతకడం క్షణం పని.

ఇంత చూసి కూడా అత్తగారు చేయకూడని పొరపాటే చేసింది. ఆవిడ శుక్లాల ఆపరేషన్ ఇంకా ఆలస్యమైతే కన్ను దక్కదన్నాడు డాక్టరు. అదే ఆస్పత్రిలో అపాయింట్‌మెంటు మూడోసారీ తప్పిందేమని కొడుకు నిలదీస్తే, "నన్నంటావేం? మీ ఆవిడ ప్రోగ్రామే మింగేసింది," అంది. కోడలు అక్కడే ఉంది.

మర్నాడు సాయంత్రం వచ్చి పక్కన కూర్చుంది.

"లాగ్‌లో మీ ఫోను నంబరు వెతికాను అత్తయ్యా. వెతకకూడదు. వెతికాను. మూడు రద్దులూ మీ ఫోను నుంచే."

అత్తగారు బఠాణీల కేసి చూసింది. "ఆఫీసంతా చదివారా?"

"చదవగలిగేవారే, లాగ్‌లో నంబర్లన్నీ కనిపించేలానే ఉండేవి. తప్పు నాదే, మా మేనేజరుతో చెప్పి చీవాట్లు తిన్నాను. ఇక నంబరు చెరిపాకే లాగ్ బయల్దేరుతుంది. పాతవీ చెరిపేశాను."

"మావాడికి చెప్తావా?"

"చెప్పను."

"కన్ను కోస్తారే అమ్మాయ్!" కసిరినట్టే అంది గానీ, చెయ్యి కంటి మీదికి పోయింది.

కోడలు నవ్వలేదు. "గురువారం పదింటికి మళ్ళీ తీసుకున్నాను. రాత్రి భయమేస్తే నన్ను లేపండి, తిట్టండి. ఫోను మీ దగ్గరే ఉంచుకోండి. రద్దు మాత్రం చేయకండి అత్తయ్యా."