తాళం తీయడం రాని కెర్నెల్

మా ఇంట్లో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు నవ్వేవాణ్ణి నేనే. దెయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడు ఉందని కూడా చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

నేను గాజువాకలో ఉంటాను. అచ్యుతాపురం వైపు చిన్న ఫ్యాక్టరీలకు కంప్యూటర్లు చూసిపెడతాను. వాటిలో ఒకటి రొయ్యల కోల్డ్ స్టోరేజీ. అక్కడ చల్లదనం కోసం పైపుల్లో అమ్మోనియా తిరుగుతుంది. అది లీకైతే మనిషికి ఊపిరాడదు. అందుకే కంట్రోల్ రూములో ఒక లైనక్స్ కంప్యూటరు సెన్సార్లను కనిపెట్టుకుని ఉంటుంది. గాలిలో అమ్మోనియా పెరిగితే సైరన్ మోగించేది అదే.

ఓనరు అడిగితే దాని డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పెట్టాను. అంటే డిస్కు మొత్తానికి తాళం వేసినట్టే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కీబోర్డు మీద పాస్‌వర్డ్ కొడితే తప్ప తెరుచుకోదు. ఒక పాస్‌వర్డ్ నాది. రెండోది మా బావది.

బావ అంటే మా అక్క భర్త, సన్యాసిరావు. అక్కడే కంప్రెసర్ ఆపరేటరు. తన పాస్‌వర్డ్ ఏమిటో నాక్కూడా చెప్పలేదు. వయసులో ఉండగా బోటు ఇంజనులో పడి కుడిచేతి చూపుడువేలు సగం పోయింది. అందుకని మొదటిసారి ఎప్పుడూ తప్పు కొట్టేవాడు.

"మొదట దానికి నా మొకం నచ్చదురా. రెండోసారికి ఒప్పుకుంతాది," అనేవాడు.

మొన్న ఎండాకాలంలో బావ ఆ కంట్రోల్ రూములోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండెపోటన్నారు.

దినాలయ్యాక పనిలోకి వెళ్లాను. మనిషి లేకపోతే అతని పాస్‌వర్డ్ తీసెయ్యాలి, అది మా పద్ధతి. పొద్దున్నే బావది తీసేశాను. తర్వాత కొత్త కెర్నెల్ ఎక్కించే పని పెట్టుకున్నాను.

కెర్నెల్ అంటే కంప్యూటరును నడిపించే అసలు ప్రోగ్రాము. దాన్ని తయారుచేసేటప్పుడు ఏ భాగాలు ఉండాలో మనమే ఎంచుకుంటాం. కొత్తదానితో సెన్సార్ కార్డు పనిచెయ్యడం లేదు. ఎక్కడ తేడా వస్తోందో పట్టుకోవడానికి ఒక్కో భాగం తీసేసి చూస్తున్నాను. ఆ మధ్యాహ్నం ఎక్కించినదాంట్లో ఎన్‌క్రిప్షన్ భాగం లేదు. అంటే ఆ కెర్నెల్‌కు తాళం తీయడం రాదు. అసలు తాళం ఉందనే తెలియదు. అనుకున్నట్టే, డిస్కు దొరకలేదని చెప్పి స్క్రీన్ ఆగిపోయింది.

కీబోర్డులో ఒక మీట మొరాయిస్తోంది. కీబోర్డునే పీకేసి, బండి డిక్కీలో ఉన్న కొత్తది తేవడానికి లేచాను. గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. బావ స్థానంలో వచ్చిన ఈశ్వరరావు, నా పని అయ్యేదాకా కంప్యూటరుకు బదులు కాపలాగా, కంప్రెసర్ల దగ్గర అమ్మోనియా కొలిచే చేతి మీటరు పట్టుకుని తిరుగుతున్నాడు.

కొత్త కీబోర్డు పెట్టె చేతిలోకి తీసుకున్నానో లేదో సైరన్ మోగింది.

రొయ్యలు ప్యాక్ చేసే ఆడవాళ్లందరూ ముక్కులు మూసుకుని బయటికి పరిగెత్తుకొచ్చారు. వాళ్ల గది వెనక వాల్వు దగ్గర లీకు. ఈశ్వరరావు ఉన్న చోటికి వాసన ఇంకా రానేలేదు. అతను మాస్కు తగిలించుకుని వెళ్లి లైను కట్టేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, సరైన టైముకి కంప్యూటర్ ఆన్ చేశావని మెచ్చుకున్నాడు. నేను బయట ఉన్నానని చెబితే నమ్మలేదు.

"లోపల టకటకా కొడతన్న సప్పుడు ఇన్నానన్నా. నువ్వే అనుకున్నాను," అన్నాడు.

గది తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే కంప్యూటరు నడుస్తోంది. పీకేసిన కీబోర్డు టేబుల్ మీదే ఉంది, దాని వైరు కిందికి వేలాడుతోంది. స్క్రీన్ మీద పాస్‌వర్డ్ తప్పు అని ఒక వరుస. దాని కింద, డిస్కు తెరుచుకుందని ఇంకో వరుస.

పాత కెర్నెల్‌తో లేచిందేమో అనుకున్నాను. చూస్తే కాదు, ఆ రోజు నేను తయారుచేసిందే. దాని కాన్ఫిగ్‌లో, అంటే భాగాల జాబితాలో, ఎన్‌క్రిప్షన్ లేదనే ఉంది. తర్వాత డిస్కులో పాస్‌వర్డ్‌లు ఉండే చోటు చూశాను. అక్కడ ఒక్కో పాస్‌వర్డ్‌కూ ఒక్కో అర ఉంటుంది. పొద్దున్న నేను ఖాళీ చేసిన బావ అర నిండి ఉంది. నాది ఖాళీగా ఉంది.

ఇవన్నీ నిలబడే చూశాను. ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను.

సాయంత్రం సమాచారమంతా వేరే కంప్యూటరులోకి ఎక్కించి, సైరన్ దానికి కలిపి, పాతది ఆపేశాను. నా పాస్‌వర్డ్ అందులో లేదు, బావది నాకు తెలియదు. మళ్లీ అది తెరుచుకోలేదు.

అక్కకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. చివరికి చెప్పాను. వంకాయలు తరుగుతూ విన్నది. ఏడవలేదు. ఇప్పుడది నడుస్తోందా అని మాత్రం అడిగింది. ఆపేశాననీ, మళ్లీ తెరుచుకోవడం లేదనీ చెప్పాను.

కత్తిపీట పక్కకు జరిపింది. "అయితే మీ బావని లోపలెట్టి తాళమేసీసినావు," అంది.

ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు. నేనూ అక్క ముఖం సరిగ్గా చూడలేకపోతున్నాను.

ఈ పని తెలిసిన స్నేహితులు ఇద్దరికి చెప్పాను. కంగారులో తప్పు చూసి ఉంటావన్నాడు ఒకడు. రెండోవాడు చాలా ప్రశ్నలు వేసి, ఆఖరికి ఫోన్ పెట్టేశాడు.

డిస్కు చెరిపెయ్యమన్నాడు ఓనరు. చెరపలేక కొత్తది కొనిచ్చి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఎన్‌క్రిప్షన్ ఉన్న కెర్నెల్‌లు ఎన్ని పెట్టి చూసినా తెరుచుకోలేదు. ఆ మధ్యాహ్నం నడిచిన కెర్నెల్ కూడా నా దగ్గరే ఉంది. దానితో మాత్రం ప్రయత్నించే ధైర్యం నాకు లేదు.